కర్రకు చేవ

డిసెంబర్ 23 తెల్లవారుజామున గోలేటిలో చలి గట్టిగానే ఉంటుంది. చుట్టూ తిర్యాణి అడవి, పక్కన ఓపెన్‌కాస్టు మట్టి గుట్టలు. ఆ చలిలోనే జెండా ఎగురుతుంది. 1920లో ఇదే రోజున సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో నమోదైంది కాబట్టి, బెల్లంపల్లి ఏరియాకు కేంద్రమైన ఈ చిన్న టౌన్‌షిప్‌కు అది ఊరి పండుగ. స్టాళ్లు వెలుస్తాయి, పిల్లల ఆటపాటలుంటాయి. సాయంత్రం ఉత్తమ కార్మికులను, ఉత్తమ అధికారులను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పుతారు. వంద టన్నుల డంపర్‌ను అలవోకగా తిప్పే మనిషి, పేరు పిలవగానే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడతాడు. కింద కూర్చున్న భార్యాపిల్లల సెల్‌ఫోన్లు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఎన్నేళ్లు చూసినా ఆ తడబాటు చూడముచ్చటగానే ఉంటుంది.

సన్మానాల మీద విసుర్లు విసరడం పత్రికల వాళ్లకు అలవాటు. ఈ ఒక్క సభ మీద మాత్రం విసరబుద్ధి కాదు. ఏడాదంతా మస్టర్ నంబరుతో బతికిన మనిషి ఒక పూట పేరుతో బతుకుతాడు. ఇక ఏటా జరిపే రక్షణ పక్షోత్సవాల్లో ఇచ్చే బహుమతులది మరో తీరు. ఏ గనిలో పద్ధతి బాగుందో, ఎక్కడ ప్రమాదానికి చోటివ్వలేదో చూసి వాటిని ఇస్తారు. ఒక రకంగా అది ఏమీ జరగనందుకు ఇచ్చే బహుమతి. ఉత్పత్తిని టన్నుల్లో తూయవచ్చు. 2023-24లో సింగరేణి 7 కోట్ల టన్నులు దాటిందని బోర్డు మీద రాసుకోవచ్చు. కూలని పైకప్పును ఏ కాటా మీద తూస్తాం?

దేశదేశాల్లో జరిగే సభల్లో ఇంకొకటి కూడా ఇలా జరగని దాని కోసమే జరుగుతుంది. అది కర్ర పుచ్చకుండా, చెదలు పట్టకుండా చూసేవాళ్ల సభ. వినగానే నవ్వొస్తుంది. దుంగలకు మందు పట్టించేవాళ్లకు మహాసభ ఏమిటి, అవార్డులేమిటి అనిపిస్తుంది. కానీ అమెరికాలో ఆ రంగం వాళ్ల సంఘం 1904లోనే పుట్టింది, నేటికీ ఏటా సమావేశమవుతోంది, తమలో పెద్దలను సత్కరించుకుంటోంది. కలప రక్షణ మీద పరిశోధించేవారి అంతర్జాతీయ బృందం ఒకటి 1969 నుంచి ఉంది. వాళ్ల వార్షిక సభ ఏడాదికో దేశంలో జరుగుతుంది. 2005లో మన బెంగళూరుకు కూడా వచ్చింది. వారం రోజులపాటు చెదల గురించి, బూజుల గురించి, వానకు మందు కారిపోకుండా ఎలా నిలపాలన్న దాని గురించి మాట్లాడుకునే మనుషులు లోకంలో ఉన్నారంటే ముచ్చటేస్తుంది.

వాళ్ల పరీక్షా విధానం ఇంకా ముచ్చటైనది. మందు పట్టించిన కర్ర ముక్కలను, పట్టించని ముక్కలను బారులుగా నేలలో పాతుతారు. చూస్తే సమాధుల వరుసల్లా ఉంటాయి కనుక దానికి వాళ్లు పెట్టుకున్న పేరే శ్మశాన పరీక్ష. ఏటా వెళ్లి ఒక్కో కర్రను పీకి, గుచ్చి చూసి, తట్టి చూసి మార్కులు వేస్తారు. చెక్కుచెదరకపోతే పది, విరిగిపోతే సున్నా. ఇలా పదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్ఫై ఏళ్లు. కర్ర పాతినవాడు రిటైరై పింఛను తీసుకుంటూ ఉంటాడు, ఆ కర్రకు మాత్రం ఇంకా ఫలితం రాదు. అంత ఓపికగా ఎదురుచూసే శాస్త్రానికి ఏడాదికోసారి ఓ శాలువా కప్పితే తప్పేముంది?

గోలేటి వాళ్లకు ఈ సంగతి ఎందుకు పట్టాలంటే, ఆ మహాసభల్లో దశాబ్దాలపాటు అందరి నోటా నలిగిన మందును కనిపెట్టినవాడు మనవాడు. ఇంటిపేరు సొంటి, పేరు కామేశం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో ఆయన ఒక మిశ్రమం తయారుచేశారు. అందులో ఉన్నవి మూడే. మన రైతు ద్రాక్షతోటకు పిచికారీ చేసే మైలుతుత్తం, అంటే రాగి లవణం. పాషాణపు జాతి ఆర్సెనిక్. మూడోది క్రోమియం లవణం. రాగి బూజును చంపుతుంది. ఆర్సెనిక్ చెదలను, పురుగును చంపుతుంది. ఈ రెండూ విషాలని కామేశానికి ముందు కూడా లోకానికి తెలుసు. కర్రకు పట్టించడమూ తెలుసు. తెలియనిదల్లా వాటిని కర్రలో నిలపడం. నీళ్లలో కరిగే మందు నీళ్లలోనే పోతుంది. నాలుగు వానలు పడితే విషమంతా నేలపాలు, కర్ర మళ్లీ చెదల పాలు. కామేశం కలిపిన క్రోమియం ఆ రెండింటినీ కర్ర పీచుకు అంటగట్టి కదలనివ్వదు. ఆయన ప్రతిభ విషంలో లేదు, ఆ ముడి వేయడంలో ఉంది.

ఆర్సెనిక్, రాగి మూలకాల సంకేతాలను కలిపి ఆ మందుకు ఆస్కూ అని పేరు పెట్టారు. 1938లో అమెరికా పేటెంటు వచ్చింది. టెలిఫోన్ స్తంభాలు పుచ్చిపోతున్నాయని తలపట్టుకున్న బెల్ సంస్థ ప్రయోగశాల వాళ్లు దాన్ని తమ పరీక్షా క్షేత్రంలో పెట్టి చూసుకున్నారు. తర్వాత అది దేశానికో పేరుతో ఖండాలు దాటింది. న్యూజిలాండ్‌లో గొర్రెల దొడ్లకు, ఆస్ట్రేలియాలో ద్రాక్ష పందిళ్లకు, అమెరికాలో ఇళ్ల పెరటి వరండాలకు వాడిన ఆకుపచ్చ ఛాయ కర్రంతా ఆ డెహ్రాడూన్ సీసా లోంచి వచ్చిందే. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో ప్రపంచంలో మందు పట్టించిన కర్ర అంటే అధిక భాగం కామేశం కర్రే. ఆయన పేరు తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఎక్కడైనా చూశారా? యల్లాప్రగడ సుబ్బారావు పేరును ఆలస్యంగానైనా తలుచుకుంటున్నాం. కామేశం వంతు ఇంకా రాలేదు.

చేవ అన్న మాట ఇక్కడ గుర్తుకు రావాలి. చెట్టు నడిమధ్యన ముదిరి నల్లబడ్డ భాగం చేవ. దానికి చెద అంత సులువుగా పట్టదు. బెరడు కిందుండే తెల్లటి మెత్తని భాగానికి ఆ శక్తి లేదు. టేకుకు చేవ ఎక్కువ గనుక గుమ్మాలకు ఎక్కింది, నీలగిరికి అంత లేదు గనుక పాకకు గుంజ అయ్యింది. మనిషిని మెచ్చుకోవాలన్నా, తిట్టాలన్నా మనం ఈ మాటనే అరువు తెచ్చుకుంటాం. చిత్రం ఏమిటంటే, మందు చేవలోకి ఎక్కదు, తెల్లభాగంలోకి సులువుగా ఎక్కుతుంది. పెద్ద ఇనుప గొట్టంలో దుంగలు పేర్చి, మూత బిగించి, లోపలి గాలిని లాగేసి, ఆ ఖాళీలోకి మందును ఒత్తిడితో పంపితే తెల్లభాగం దాన్ని తాగేస్తుంది. పుట్టుకతో చేవ లేని చోటే కొత్త చేవ పోస్తారన్నమాట.

మన పల్లెల్లో ఈ విద్య మరీ కొత్తదేం కాదు. వెన్నెల రోజుల్లో నరికిన వెదురుకు పురుగు పడుతుందని అమావాస్య చూసుకుని నరికేవారు. బొంగులను చెరువులో వారాల తరబడి ఊరబెట్టి, లోపలి పిండి పదార్థం పోయాక ఆరబెట్టేవారు. పొయ్యి మీది అటకకు పట్టిన పొగమసే వాసాలకు కాపలా. దడికి పాతే గుంజ మొదలును మంటలో కాల్చి పాతేవారు. ట్రాక్టర్లు వచ్చాక పాత ఇంజనాయిలు పూసి పాతడం మొదలుపెట్టారు. ఇందులో కొన్నింటికి శాస్త్రం తలూపుతుంది, కొన్నింటికి పెదవి విరుస్తుంది. తాత చెప్పాడని చేశాం, ఇల్లు నిలిచింది.

సింగరేణికీ కర్రకూ ఉన్న బంధం ఇంతకంటే పాతది. బొగ్గంటేనే ఒకప్పటి అడవి. గోదావరి లోయ కింద పరుచుకున్న బొగ్గు పొరలు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన చెట్లవి. అవి బురదలో కూరుకుపోయి, గాలి తగలక, బూజు పూర్తిగా తినలేక మిగిలినవి. నాడు ఆ బూజుకే చేతనై ఉంటే నేడు గోలేటి అనే టౌన్‌షిప్ ఉండేదే కాదు. ఇంకో మెలిక ఉంది. కర్రకు పట్టించే మందుల్లో పాతకాపు క్రియోసోట్. దాన్ని తీసేది బొగ్గు తారు నుంచి. 1838లో ఇంగ్లండ్‌లో జాన్ బెథెల్ అనే ఆయన దాన్ని ఒత్తిడితో కర్రలోకి ఎక్కించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. రైలు పట్టాల కింది స్లీపర్లు ఆ నల్లటి నూనె తాగే దశాబ్దాలపాటు బళ్లను మోశాయి. మన దేశంలోనూ పంజాబ్‌లోని ధిల్వాన్‌లో స్లీపర్లకు క్రియోసోట్ పట్టించే కర్మాగారం నడిచింది. చచ్చి బొగ్గైన చెట్టు, నిన్న మొన్న నరికిన చెట్టుకు ఆయుష్షు పోసిందన్నమాట. 1929లో కాజీపేట - బల్లార్షా దారి పూర్తయ్యాక ఇక్కడి బొగ్గుకు ఉత్తరం తలుపు కూడా తెరుచుకుంది. ఆసిఫాబాద్ రోడ్ మీదుగా నేడు వెళ్లే బళ్ల కింద ఉన్నవి కాంక్రీటు స్లీపర్లు. ఎండాకాలం స్టేషన్లలో గుప్పుమనే ఆ తారు వాసన ఇప్పటి పిల్లలకు తెలియదు.

ఇక బాయి, అంటే బొగ్గు గని, లోపలి కర్ర. తట్టా చెమ్మసులతో బొగ్గు ఎత్తిన కాలం వాళ్లను ఎవరిని కదిలించినా టింబర్‌మన్ ముచ్చట రాకుండా ఉండదు. బొగ్గు పేల్చి, ఎత్తి, ముందుకు పోయినకొద్దీ వెనక ఖాళీ మిగులుతుంది. దాని మీద కొండంత బరువు. మైనింగ్ సర్దార్ చేతికర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టి మోత వస్తే సరే, డొల్ల మోత వస్తే అందరూ పక్కకు. అప్పుడు టింబర్‌మన్ వచ్చి కొలత చూసి దుంగ కోసి నిలబెడతాడు. పైన ఒక చెక్కముక్క పెట్టి సుత్తితో బిగిస్తాడు. బరువు ఎక్కువైన చోట దుంగలను అడ్డంగా, నిలువుగా ఒకదాని మీద ఒకటి పేర్చి పైకప్పు దాకా కడతాడు. తాను నిలబెట్టే దాకా ఆ చోట అతనికి మాత్రం ఆసరా ఏదీ ఉండదు. మిగతా వాళ్లంతా అతను పెట్టిన కర్ర కింద పనిచేస్తారు. అతను కర్ర లేని చోట పనిచేస్తాడు.

కర్ర మాట్లాడుతుందని పాత కార్మికులు అంటారు. కవిత్వం కోసం అన్న మాట కాదది. పైనుంచి బరువు దిగుతున్నప్పుడు ముందు ఆ చెక్కముక్క నలుగుతుంది. తర్వాత దుంగ పీచు విడుతుంది, చిటపటమంటుంది, మూలుగుతుంది. ఆ మూలుగు విని పరుగెత్తిన వాళ్లు బతికారు. ఇనుప ఆసరా బలమైనదే కాని ఇంత ముందుగా, ఇంత వివరంగా కబురు పెట్టదని వాళ్ల ఫిర్యాదు. అందుకే ఎన్ని ఉక్కు సామాన్లు వచ్చినా చాలాకాలం కర్రను వదులుకోవడానికి మనసొప్పలేదు.

అయితే మాట్లాడేది మంచి కర్ర మాత్రమే. గనిలో వాడిన గాలి బయటికి పోయే దారి వెచ్చగా, చెమ్మగా ఉంటుంది. బూజుకు అంతకంటే మంచి చోటు లేదు. అక్కడి దుంగల మీద తెల్లటి దూది లాంటిది అల్లుకుపోతుంది. పైకి దుంగ దుంగలాగే ఉంటుంది. లోపల మాత్రం డొల్ల. అలాంటి కర్ర మీద బరువు పడితే మూలగదు, చిటపటమనదు. ముల్లంగిలా పుటుక్కున తెగుతుంది. పుచ్చు మొదట తినేది కర్ర బలాన్ని కాదు, దాని గొంతును. మందు పట్టించిన కర్ర గొప్పదనం పదేళ్లు నిలవడం ఒక్కటే కాదు, చివరి గడియలో కూడా చెప్పి మరీ విరగడం. కలప రక్షణ మహాసభల్లో ఈ సంగతికి ఎన్ని మార్కులు వేస్తారో గాని, బాయి దిగిన వాళ్లను అడిగితే పదికి పది వేస్తారు.

ఎక్కడ బొగ్గు తవ్వినా దగ్గర ఉన్న అడవే ముందుగా బాయిలోకి దిగుతుంది. ఆసిఫాబాద్ అడవుల కథ వేరే చెప్పనక్కర్లేదు. తన అడవిలో తాను పోడు కొట్టుకుంటే, నాగలికి కర్ర తెచ్చుకుంటే నేరమైన రోజుల్లో కొమురం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ అడవి నుంచి వచ్చిన ప్రతి దుంగకూ లెక్క ఉండాలని అనుకునేవాళ్లకు కలప రక్షణ ఒక వ్యాపార విషయంగా కనిపించదు. మూడేళ్లకు పుచ్చే గుంజ పదిహేనేళ్లు నిలిస్తే నాలుగు చెట్లు నిలిచినట్టే. చేవ లేని తోట కర్ర చేవ ఉన్న అడవి కర్రకు బదులు నిలబడితే టేకు చెట్టుకు మరో వందేళ్లు దొరుకుతాయి.

ఇంత మెచ్చుకున్నాక మచ్చ కూడా చెప్పాలి. విషం విషమే. కామేశం వేసిన ముడి గట్టిదే అయినా, ఏళ్లు గడిచేకొద్దీ ఆర్సెనిక్ కాస్త కాస్తగా బయటికి వస్తుందని తేలింది. పిల్లలు ఆడుకునే ఉయ్యాలల కర్రల్లో అది ఉండటం ఏమిటని తల్లులు నిలదీశారు. 2003 చివరి నుంచి అమెరికాలో ఇళ్లకు వాడే కర్రలో ఆ మందు ఆగిపోయింది. ఐరోపా కూడా 2004లో తలుపులు బిగించింది. స్తంభాలకు, పరిశ్రమ అవసరాలకు కొన్నిచోట్ల మిగిలింది. ఇప్పుడు ఆర్సెనిక్ లేని రాగి మందులు వచ్చాయి. మందే లేకుండా కర్రను ఎక్కువ వేడిలో పెట్టి బూజుకు రుచించకుండా చేసే పద్ధతులు వచ్చాయి. మన విశాఖలో సముద్రపు పురుగు తొలిచే పడవ కర్ర మీద బెంగళూరు కలప పరిశోధన సంస్థ కేంద్రం ఏళ్ల తరబడి పనిచేసింది. పాత మందు తాగిన కర్రను పొయ్యిలో పెట్టకూడదన్న చిన్న సంగతి మాత్రం మన ఊళ్లలో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. కాలిస్తే ఆ ఆర్సెనిక్ పొగలోకి, బూడిదలోకి వస్తుంది. దుకాణంలో ఆకుపచ్చ ఛాయ కర్ర కొన్నవాళ్లు దాని ముక్కలను చలిమంటకు వాడకండి. ఆ బూడిదతో గిన్నెలు తోమకండి.

మందు పాతబడినంత మాత్రాన మనిషి పాతబడడు. తొంభై ఏళ్ల కింద, చేతిలో ఉన్న మూడు దినుసులతో, అంతకు ముందు లోకం వేయలేకపోయిన ముడి వేసినవాడు కామేశం. ఆ తర్వాత వచ్చిన వాళ్లు ఆయన తప్పును దిద్దారంటే ఆయన వేసిన బాటలో నడిచే దిద్దారు.

గోలేటిలో నేడు కర్ర పని దాదాపు లేదు. ఖైరిగూడ లాంటి ఓపెన్‌కాస్టులో పైకప్పే లేదు, ఆసరా మాటెక్కడిది? సింగరేణి బొగ్గులో అధిక భాగం అలా ఆకాశం కిందే వస్తోంది. మిగిలిన భూగర్భ గనుల్లో రూఫ్‌బోల్టులు రాతి పొరలను ఒకదానితో ఒకటి కుట్టేస్తున్నాయి. అది మంచిదే. ఎవరూ ఆసరా లేని చోట నిలబడి దుంగ బిగించాలని కోరుకోకూడదు. కానీ టింబర్‌మన్ అనే మాట మస్టర్ పుస్తకాల్లోంచి జారిపోతున్న కాలంలో, ఆ పని చేసినవాళ్లు మన క్వార్టర్ల అరుగుల మీద, వేప చెట్ల కింద ఇంకా కూర్చునే ఉన్నారు. వాళ్ల మోకాళ్లు, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో వాళ్ల ఇళ్లవాళ్లకు తెలుసు. వాళ్లు నిలబెట్టినంత కాలం కూలని పైకప్పులు మాత్రం ఏ రికార్డులోనూ లేవు.

సింగరేణి అధికారులకు, కార్మిక సంఘాల పెద్దలకు ఒక విన్నపం. వచ్చే డిసెంబర్ 23న గోలేటి వేదిక మీదికి ఒక శాలువా అదనంగా తెప్పించండి. పాత ఇంక్లైన్ గనిలో కర్ర పెట్టిన ఒక పెద్దమనిషిని పిలిచి కప్పండి. స్టాళ్ల మధ్య ఒక మూలన నిలువెత్తు దుంగ ఒకటి, దాని మీద చెక్కముక్క బిగించి నిలబెట్టండి. పక్కన ఒక అట్ట మీద సొంటి కామేశం పేరు, 1933 అన్న అంకె రాయించండి. ఆ దుంగ దేనికని బడిపిల్లలు అడిగితే, జవాబు చెప్పడానికి ఆ పెద్దమనిషి అక్కడే ఉంటాడు.